పౌడర్‌లో స్కీని తేల్చేది వెడల్పా, రాకరా?

తెల్లకొండ: స్కీ నడుము దగ్గర, అంటే పాదం కింది సన్నటి భాగంలో, వెడల్పు 115 మి.మీ. ఉంటే చాలు, లోతైన పౌడర్‌లో, అంటే కొత్తగా పడిన మెత్తటి మంచులో, ఇబ్బందే ఉండదని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. వెడల్పు తేలుస్తుంది, నిజమే. 180 సెం.మీ. స్కీకి సగటు వెడల్పు 8 సెం.మీ. అయితే అడుగుభాగం 1,440 చదరపు సెం.మీ.; 12 అయితే 2,160. కానీ క్యాంబర్ (మధ్యభాగం విల్లులా పైకి లేచి ఉండే వంపు) ఉన్న స్కీ వెడల్పుగా ఉన్నా, వేగం తగ్గగానే ముక్కు మంచులోకి దూరుతుంది. దాన్ని పైకి లేపాలని మడమల మీద కూర్చుంటారు. కాసేపట్లో తొడలు మండిపోతాయి, స్కీ మాట వినదు. ముక్కును ముందే పైకి వంచి ఉంచేది రాకర్ అనే ఆకారమే. అప్పుడు పాదాల మధ్యలో బరువు పెట్టి నిలబడొచ్చు.

పాతమంచు: తెల్లకొండ గారూ, చరిత్ర మీ మాటకు అడ్డొస్తోంది. అటామిక్ పౌడర్ ప్లస్ అనే వెడల్పాటి స్కీ 1990ల మొదట్లో, రాకర్ ఇంకా రాకముందే, హెలీస్కీయింగ్‌కి (హెలికాప్టర్‌లో కొండపైకి వెళ్లి స్కీ చేయడానికి) వచ్చినవాళ్లకు పని తేలిక చేసింది. అది వెడల్పు చలవే. పైగా రాకర్ ఊరికే రాదు: కింద గట్టి మంచు తగలగానే ఆనే అంచు పొడవు తగ్గిపోతుంది, ముక్కు టపటపా కొట్టుకుంటుంది.

వాలుగాలి: ఇద్దరూ సైడ్‌కట్‌ను, అంటే స్కీ పక్క అంచుల వంపును, వదిలేశారు. అసలు చిక్కు అక్కడే ఉంది. ముక్కు బాగా వెడల్పు, నడుము సన్నం అయితే, స్కీని పక్కకు వాల్చగానే ముక్కు మీద మంచు ఒత్తిడి ఎక్కువ పడుతుంది. మీరు అడగకుండానే లోపలికి కొక్కెంలా లాగేస్తుంది. స్కీయర్ షేన్ మెక్‌కాంకీ ఆలోచనతో వచ్చిన వోలాంట్ స్పాచులా అనే స్కీ ఈ లెక్కనే తిరగేసింది: రివర్స్ క్యాంబర్ (మధ్య కిందికి, కొనలు పైకి), రివర్స్ సైడ్‌కట్, అంటే పాదం కింద ఎక్కువ వెడల్పు. పౌడర్‌లో అడ్డంగా జారించి వేగం తగ్గించుకోవచ్చు. గట్టి మంచు మీద మాత్రం కార్వ్ చేయడం (అంచు మీద నిలిపి మలుపు తిప్పడం) గగనం. ఇప్పటి స్కీల్లో రెండింటికీ మధ్యస్థంగా, ముక్కు దగ్గరి వెడల్పు భాగాన్ని పాదం వైపు వెనక్కి జరుపుతున్నారు.

తెల్లకొండ: సైడ్‌కట్ మాట ఒప్పుకుంటున్నా. కానీ పాతమంచు గారూ, గట్టి మంచు మీద వెడల్పుకీ మూల్యం ఉంది. అంచు పాదం మధ్య నుంచి దూరం జరిగేకొద్దీ ఎడ్జ్ మీద నిలబెట్టడానికి మోకాలిపై మెలి ఎక్కువ పడుతుంది. రాకర్ వల్ల తగ్గిన అంచును మామూలు కంటే 5–10 సెం.మీ. పొడవు స్కీ తీసుకుని కొంత పూడ్చొచ్చు. వెడల్పుకు అలాంటి విరుగుడు లేదు.

వాలుగాలి: పొడవు పెంచేవాళ్లు బైండింగ్‌ను (బూటును స్కీకి బిగించే భాగాన్ని) కూడా వెనక్కి జరపకండి. క్యాంబర్ స్కీకి అది ముక్కు లేపుతుంది. రాకర్ ఎక్కువున్న స్కీకి ముక్కు ఎలాగూ లేచే ఉంటుంది; తోక మాత్రం కూరుకుపోయి, స్కీ తిరగనని మొరాయిస్తుంది.