మీటింగ్‌ల మైక్ ఆన్ చేయంగనే బ్లూటూత్ సౌండ్ ఖరాబైతుంది, ఎట్ల?

ప్రశ్న (నల్లగొండ): అన్నా, విండోస్ 11 ల్యాప్‌టాప్‌కు బ్లూటూత్ హెడ్‌సెట్ కలిపిన. పాటలు మంచిగనే వస్తయి. మీటింగ్‌ల మైక్ పెట్టంగనే డబ్బాల మాట్లాడినట్టు వినవడుతుంది. బయటి హార్డ్ డిస్క్ పెడితే వైర్‌లెస్ మౌస్ గూడ ఆగాగి కదులుతుంది.

జవాబు (మిర్యాలగూడ): హెడ్‌సెట్ ఖరాబు కాలేదు తమ్మీ. పాటలు ఏ2డీపీ అనే స్టీరియో పద్ధతిల వస్తయి. మైక్ అడగంగనే ఫోన్ మాటల కోసం ఉన్న హెచ్‌ఎఫ్‌పీ అనే పద్ధతికి మారుతది. అది మోనో, అంటే రెండు చెవులల్ల ఒకటే సౌండ్; శాంప్లింగ్ (సెకనుకు సౌండ్‌ను ఎన్నిసార్లు కొలుస్తదో ఆ లెక్క) గూడ మామూలుగ 8 లేకపోతే 16 కిలోహెర్ట్జే, అందుకే డబ్బాల మాట్లాడినట్టు వస్తది. సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లకు పోయి ఇన్‌పుట్ కింద ల్యాప్‌టాప్ మైక్ పెట్టు, అవుట్‌పుట్ హెడ్‌సెట్ మీదనే ఉంచు. మీటింగ్ యాప్‌ల గూడ మైక్ విడిగ మార్చాలె. చానామంది ఇక్కడనే మర్సిపోతరు.

జవాబు (దేవరకొండ): మౌస్ సంగతి వేరే. హార్డ్ డిస్క్ నడిచేటప్పుడు యూఎస్‌బీ 3.0 పోర్టు, కేబుల్ నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మీద పడుతది. మౌస్, బ్లూటూత్ రెండూ అండ్లనే నడిచేది. మౌస్ డాంగుల్‌ను (ల్యాప్‌టాప్‌కు పెట్టే చిన్న రిసీవర్) హార్డ్ డిస్క్‌కు దూరంగ, అవతలి పక్క పోర్టుకు మార్చు. లేకుంటే మూరెడు ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి డాంగుల్‌ను మౌస్ పక్కకు తీస్కరా. వైఫై గూడ 5 గిగాహెర్ట్జ్‌కు మార్చు.

ప్రశ్న అడిగినోళ్లు: అయింది అన్నా! సౌండ్ సెట్టింగ్ మార్చినా యాప్‌ల పాత మైకే ఉండె. డాంగుల్‌కు ఎక్స్‌టెన్షన్ వైరు పెడితే మౌస్ సాఫ్‌గ నడుస్తుంది.