తివాచీ నాణ్యతకు ముడుల లెక్కే కొలమానమా?

శారద, షార్జా:
ఇరాన్‌లోని తబ్రీజ్‌లో నేసిన 50 రజ్‌ల తివాచీ కొనాలా, ఫార్స్ ప్రాంతపు గబ్బే రకం తివాచీ కొనాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. రజ్ అంటే సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పులో పడే ముడుల సంఖ్య అని, అది ఎంత ఎక్కువైతే నాణ్యత అంత ఎక్కువని దుకాణదారు అంటున్నారు. ఆ మాట నమ్మవచ్చా?

పడుగుపేక:
శారద గారూ, ముడుల లెక్క నేత ఎంత సన్ననిదో చెబుతుంది గానీ తివాచీ ఎంత మంచిదో చెప్పదు. తబ్రీజ్ నమూనాల్లోని పూలతీగలు ఒంపు తిరగాలంటే ముడులు దగ్గర దగ్గరగా పడక తప్పదు. ఖష్కాయీ సంచార తెగల స్త్రీలు నేసే గబ్బేకు విశాలంగా పరుచుకున్న రంగే అందం కాబట్టి అక్కడ ముడులు పెంచినందువల్ల ఒరిగేదేమీ లేదు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 16వ శతాబ్దపు అర్దబీల్ తివాచీలో చదరపు అంగుళానికి సుమారు 340 ముడులు ఉంటాయి. నేటి పట్టు తివాచీలు ఆ లెక్కను సులువుగా దాటుతున్నా, అవి అర్దబీల్‌ను మించినవని ఎవరూ అనరు.

పైగా నేతలోనే మోసానికి చోటుంది. రెండు పడుగు పోగులకు వేయవలసిన ముడిని నాలుగు పోగులకు కలిపి వేస్తే దానిని జుఫ్తీ అంటారు. దానివల్ల పని సగమవుతుంది, పైకి నిలిచే ఉన్ని పలచబడి త్వరగా అరుగుతుంది. ఉన్ని సంగతీ అంతే: చచ్చిన గొర్రె తోలు నుంచి మందులతో ఊడదీసిన ఉన్ని పెళుసుగా, నిగారింపు లేకుండా ఉంటుంది, ఎన్ని ముడులు వేసినా తొక్కుడుకు ఆగదు.

లెక్కల మాస్టారు:
మీరన్నది కాదనను. అయితే ఉన్ని గురించీ రంగు గురించీ అమ్మేవారి మాట తప్ప కొనేవారికి ఆధారం ఏముంది? ముడులను మాత్రం ఎవరైనా స్కేలు పెట్టి లెక్కించుకోవచ్చు. నేసేవారి శ్రమ కూడా అందులోనే తెలుస్తుంది; రజ్ రెట్టింపయితే అంతే వైశాల్యానికి నాలుగింతల ముడులు వేయాలి.

పడుగుపేక:
శ్రమ విషయంలో మీ మాట సబబే. ఒకే ఊరిలో, ఒకే రకం ఉన్నితో నేసిన రెండు తివాచీల ధరలో తేడా ఉంటే రజ్ దానికి న్యాయమైన కారణమే. తబ్రీజ్‌ను గబ్బేతో పోల్చడానికి మాత్రం అది పనికిరాదు. రంగుకు ఆధారం లేదనడం కూడా సరికాదు. ఉన్నిని వేళ్లతో విడదీసి మొదలునూ కొసనూ పక్కపక్కన చూడండి. 19వ శతాబ్దపు రెండో సగంలో పర్షియాకు (నేటి ఇరాన్‌కు) చేరిన తొలి రసాయన రంగులైన అనిలీన్ రంగులు ఎండకు వెలిసి, కొస పాలిపోయి, మొదలు మాత్రం ముదురుగా మిగిలేవి. అప్పట్లో ఆ దేశాన్ని ఏలుతున్న ఖజార్ పాలకులు వాటిని నిషేధించవలసి వచ్చింది. తడిపిన తెల్లగుడ్డతో రుద్దినప్పుడు రంగు అంటితే ఆ బేరం వదులుకోవడమే మేలు. ఒకే రంగులో అడ్డంగా లేత, ముదురు చారలు కనిపిస్తే దానిని లోపమనుకోకండి. వేరే విడతలో అద్దిన ఉన్ని మొదలైన చోటు అది, దానిని అబ్రష్ అంటారు, నాకు అదంటే ఎంతో ఇష్టం. క్రోమ్ అనే నేటి రసాయన రంగులు కూడా గట్టివే కనుక, రసాయన రంగు అనగానే తీసిపారేయనక్కరలేదు.

శారద గారూ, మీ తబ్రీజ్ వెనకవైపునూ అంచు పోగులనూ పగటి వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. పడుగు నూలుదో పట్టుదో, జుఫ్తీ ముడులు ఉన్నాయో లేదో చూసి చెబుతాను.