కూలి మానుకుని ట్రైనింగ్‌కి రమ్మంటే ఎలా వస్తారు?

కోసిగి కుర్రాడు:
మా వైపు నుంచి ఏటా మిర్చి కోతలకి గుంటూరు దిక్కు కుటుంబాలకు కుటుంబాలే వెళ్లిపోతాయి, బడి మాన్పించి పిల్లల్ని కూడా తీసుకెళ్లేవాళ్లున్నారు. వీళ్లకి వేరే పని నేర్పిస్తే మంచి జీతాలొస్తాయని ఎప్పటినుంచో వింటున్నాం. నా మాట సూటిగా చెప్తున్నా, ట్రైనింగ్ రోజులకి కూలి డబ్బులు ఇవ్వకపోతే ఏ పథకమైనా అసలు కూలీ దాకా రాదు. ఊళ్లలోని పేద పిల్లలకి పని నేర్పి ఉద్యోగం చూపించే కేంద్ర పథకం, దీనదయాళ్ గ్రామీణ కౌశల్య యోజన, 2014లో మొదలైంది. ట్రైనింగ్ ఫ్రీ, ఉండడానికి హాస్టల్ కూడా ఫ్రీ. కానీ వయసు 15 నుంచి 35, ఆడవాళ్లకైతే 45 వరకు. మా ఊళ్లో దాంట్లో చేరినవాళ్లంతా ఇంటరో డిగ్రీయో అయిన పిల్లలే. ఇల్లు నడిపే 40 ఏళ్ల మగ కూలీకి అందులో చోటే లేదు. మీరేమంటారు?

తెనాలి రైతు:
తమ్ముడూ, నాట్లకి ఇప్పటికే మనుషులు దొరకడం లేదు. కౌలు కట్టి, ఎరువులు కొని, అదనుకి కూలీలు రాక నారు ముదిరిపోతుంటే ఆ బాధ ఎవరికి చెప్పుకోవాలి? ప్రభుత్వమే డబ్బులిచ్చి మరీ వాళ్లని పంపించేస్తానంటే నేను ఒప్పుకోను.

పాలమూరు ఆడబిడ్డ:
అన్నా, మీ బాధ నిజమే, కానీ మీ పొలం కోసం వాళ్లు ఎప్పటికీ కూలీలుగానే ఉండాలా? నా గొడవ వేరే. మా చెల్లి ఒక ట్రైనింగ్ సెంటర్‌లో మూడు నెలలు నేర్చుకుని హైదరాబాద్‌లో షోరూంలో చేరింది. జీతం 11 వేలు, అందులో హాస్టల్‌కి, బస్సుకి, తిండికి పోను ఇంటికి పంపడానికి ఏమీ మిగల్లేదు, ఏడాది తిరక్కముందే వెనక్కి వచ్చేసింది. సెంటర్ వాళ్ల లెక్కలో మాత్రం ఆమెకి ఉద్యోగం వచ్చినట్టే. ఊరి దగ్గర గిరాకీ ఉన్న పని నేర్పాలి. మా దగ్గర బోరు మోటార్లు కాలని ఎండాకాలం లేదు, వైండింగ్ వచ్చినవాడికి చేతినిండా పని. ట్రాక్టర్ రిపేరు, డ్రిప్ బిగించడం కూడా అంతే. డ్రోన్ దీదీ పథకంలో మహిళా సంఘాలకి పొలాల్లో డ్రోన్‌తో మందు కొట్టడం మీద 15 రోజుల ట్రైనింగ్, డ్రోన్ ఖర్చులో 80 శాతం, 8 లక్షల దాకా, సబ్సిడీ పెట్టారు. ఆ పని చేసేది ఊళ్లోనే కదా, రైతుకీ పనికొస్తుంది.

కోసిగి కుర్రాడు:
అక్కా, ఊరి దగ్గరే అన్నదానికి నేనూ ఒప్పుకుంటా. కానీ వైండింగ్ నేర్చుకున్నన్ని రోజులూ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? దీనికి దారి లేకపోలేదు, 2019-20లో ఉపాధి హామీ కింద ఉన్నతి అని తెచ్చారు. 100 రోజులు పని పూర్తి చేసిన కుటుంబం నుంచి 18-45 ఏళ్ల మధ్య ఒకరికి ట్రైనింగ్, 100 రోజుల వరకు ఉపాధి కూలితో సమానంగా డబ్బులు ఇస్తామన్నారు. ఆలోచన చాలా మంచిది. కానీ ఆ 100 రోజుల షరతు చూడండి, నెలల తరబడి వలసపోయే కుటుంబం సొంతూళ్లో 100 రోజులు ఎప్పుడు పూర్తి చేస్తుంది? ఎవరికి అత్యవసరమో వాళ్లే బయట ఉండిపోయారు. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం. వలస కుటుంబాలకి ఆ షరతు పెట్టకూడదు, అంతే.

తెనాలి రైతు:
ఇది నాకు తెలియదు. సరే, కోతలయ్యి వాళ్లు ఇళ్లకి చేరాక, ఎండాకాలంలో మండలంలోనే బ్యాచ్ పెడితే నాకు అభ్యంతరం లేదు. కానీ నాట్ల టైంలో పెడితే మళ్లీ గొడవే.

పాలమూరు ఆడబిడ్డ:
ఎండాకాలమైతే ఆడవాళ్లకి కూడా కుదురుతుంది, పిల్లలకి సెలవులు, అంగన్‌వాడీ పక్కనే పెడితే ఇంకా మంచిది. ఇంకొకటి, ఉద్యోగం వచ్చిందా అని మూడు నెలలకి కాదు, రెండేళ్లయ్యాక అడగాలి, చేతికి ఎంత మిగులుతోందో కూడా అడగాలి. సెంటర్‌కి ఇచ్చే డబ్బుల్లో కొంత అప్పటిదాకా ఆపితే వాళ్లే ఫోన్ చేసి కనుక్కుంటారు.