సమస్య: భక్తి లేనట్టి వాఁడెపో ముక్తుఁడగును

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతిలో చివరి పాదం. మొదటి మూడు పాదాలు మీవి.

భక్తి లేనట్టి వాఁడెపో ముక్తుఁడగును

చూడగానే ఒళ్ళు మండాలి, అది సమస్య లక్షణం. మండాక ఏం చేస్తారో చూద్దాం.

కొత్తకలం:
అయ్యా, పూరణకు ముందే ఒక సందేహం. 'భ'కూ 'ము'కూ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, ఎలా కుదిరింది?

నిర్వాహకుడు:
అక్షరయతి కాదు, ప్రాసయతి. భక్తి, ముక్తు: మొదటి అక్షరాలు రెండూ గురువులు, రెండో అక్షరాల్లో హల్లు 'క్త' ఒకటే. తేటగీతి, ఆటవెలది, సీసాల్లో ఇది చెల్లుతుంది. కందంలో, వృత్తాల్లో చెల్లదు.

కొత్తకలం:
ధన్యవాదాలండీ. అయితే ఇదిగో నాది. కొంచెం టెన్షన్‌గానే పెడుతున్నాను.

ధనముపై నాలుపై మంచి ధామమందు
బంధువర్గంబుపై దేహభాగ్యమందు
కీర్తిపై లేశమైనను మనసులోన
భక్తి లేనట్టి వాఁడెపో ముక్తుఁడగును

నిర్వాహకుడు:
ధార బాగుంది. మూడో పాదంలో యతి తప్పింది: 'కీ'కి 'మ' చెల్లదు. 'కీర్తిపై లేశమైనను గెలుపునందు' అంటే సరిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు అర్థంలో ఉంది. డబ్బు మీద, ఆలి మీద ఉండేదాన్ని అనురక్తి అంటాం, ఆసక్తి అంటాం. భక్తి అనం. సమస్యలోని మాటకు దానిది కాని అర్థం అంటగట్టి గట్టెక్కారు.

చిరుచినుకు:
నేను ఆ నింద వేరొకరి మీదికి తోసేశాను.

తాను బ్రహ్మంబనుచుఁ బల్కి తత్త్వమెఱుఁగ
నట్టి శుష్కవేదాంతియే నగుచుఁ బలికె
పూజలేల జపములేల పుణ్యమేల
భక్తి లేనట్టి వాఁడెపో ముక్తుఁడగును

పాతగంటం:
చినుకు గారూ, మూడో పాదం నడక ఎంత హాయిగా ఉందో! ఆ శుష్కవేదాంతి గొంతు వినిపించింది. కానీ ఇది సమస్యాపూరకుల పాత దారి. ఎంతటి అసంబద్ధమైన మాటైనా ఒక మూర్ఖుడి నోట పెడితే సమస్య తీరిపోతుంది. తీరిందే తప్ప భక్తికీ జ్ఞానానికీ ఉన్న పేచీ ఎక్కడిదక్కడే ఉంది.

నిర్వాహకుడు:
ఇంకొకరు మూడో పాదం చివర 'ఎట్లు' పెట్టి ప్రశ్నగా మార్చి పంపారు. కుదరదండీ. 'వాఁడెపో'లో ఏవకారం ఉంది, పైగా 'పో' అని నొక్కి చెప్పడం కూడా. ఇంత గట్టిగా తేల్చి చెప్పే వాక్యాన్ని 'ఎట్లు' ప్రశ్నగా మార్చలేదు.

వెన్నెలవాగు:
నాదొక అనుమానం. అద్వైతుల లెక్కలో ఇది అసలు సమస్యేనా? కర్మ చిత్తశుద్ధికి, ఉపాసన ఏకాగ్రతకు, మోక్షం మాత్రం జ్ఞానం వల్లే అంటారు కదా. భక్తి మెట్టు మాత్రమే అయితే, పైకెక్కినవాడికి మెట్టుతో పనేముంది?

పాతగంటం:
మెట్టే అనుకుంటే మీరన్నది నిజం. కానీ శంకరుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణిలోనే 'మోక్షకారణసామగ్ర్యాం భక్తిరేవ గరీయసీ' అని ఉంది. మోక్షానికి కావలసిన సామగ్రిలో భక్తే గొప్పదట. ఆ వెంటనే భక్తి అంటే ఏమిటో చెప్తారు: 'స్వస్వరూపానుసంధానం'. తన అసలు రూపాన్ని విడవకుండా అంటిపెట్టుకుని ఉండడం. ఈ నిర్వచనం ఒప్పుకుంటే భక్తి లేని జ్ఞాని అన్న మాటకే అర్థం లేదు. అందుకే ఇది సమస్య.

వెన్నెలవాగు:
సరే, ఒప్పుకుంటున్నాను. అయితే నా పూరణ భక్తిలో ఒక్క రకాన్నే తీసేస్తుంది.

వలయు ఫలముల నెంచుచు వరములడుగు
బేరమాడెడు చందాన వేడుకొనెడి
తనది తనకని యెంచెడు తగని కామ్య
భక్తి లేనట్టి వాఁడెపో ముక్తుఁడగును

నిర్వాహకుడు:
ఛందస్సులో వంక పెట్టడానికేమీ లేదు. 'బేరమాడెడు చందాన' నాకు బాగా నచ్చింది. మొక్కుల భక్తి నిజంగా అంతేగా, ఇంత ఇస్తే అంత ఇస్తానంటాం. ఒక్క 'తగని' దగ్గర ఆగాను. గీత ఏడో అధ్యాయంలో ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని నలుగురు భక్తులను చెప్పాడు. జ్ఞాని తన ఆత్మే అన్నాడు, నిజమే. కానీ ఆ మాటకు ముందే 'ఉదారాః సర్వ ఏవైతే', వీళ్ళందరూ ఉదారులే అన్నాడు. డబ్బు కోసం మొక్కినవాణ్ణి కూడా ఆయన తగనివాడనలేదు, మనమెందుకనాలి? 'తగులు కామ్యభక్తి' అనండి. గణం చెడదు, యతి చెడదు, ఎవరినీ తిట్టినట్టూ ఉండదు.

వెన్నెలవాగు:
మార్చేశాను. నలుగురిలో జ్ఞానినీ భక్తుడిగానే లెక్కపెట్టాడన్నది ఇంతకుముందు గమనించలేదు.

సాయంసంధ్య:
రెండు రోజులుగా ఈ పాదం నోట్లో నానుతోంది. చివరికి దాని ముందు ఒక్క అక్షరం చేర్చాలనిపించింది.

కొలిచి కొలిచి తా నెవ్వనిఁ గొలిచినాఁడొ
వాఁడె తానైన వేళలో భావమందు
నేను నీవను భేదాల నీడయను వి-
భక్తి లేనట్టి వాఁడెపో ముక్తుఁడగును

చిరుచినుకు:
అబ్బ! 'వి' ఒక్కటి పై పాదంలో పెట్టి మొత్తం తిప్పేశారు. నేను మూర్ఖుణ్ణి వెతుక్కుంటూ ఎక్కడికో పోయాను.

నిర్వాహకుడు:
విభక్తి అంటే విడిపోవడం. విభక్తుడు కానివాడే భక్తుడన్న పాత మాట ఎలాగూ ఉంది. గీత 18వ అధ్యాయం 20వ శ్లోకంలో సాత్త్విక జ్ఞానానికి గుర్తు 'అవిభక్తం విభక్తేషు'. విడివిడిగా కనిపించేవాటిలో విడిపోనిదాన్ని చూడడం. మీ పద్యం సరిగ్గా ఆ చోట నిలబడింది. 'కొలిచి కొలిచి' అని రెండుసార్లు అనడం వల్ల ఆ ఎరుక ఊరికే రాలేదని, కొలవగా కొలవగా వచ్చిందని తెలుస్తోంది. భక్తి లేదన్న పాదానికి భక్తితోనే మొదలుపెట్టారు.

పాతగంటం:
సంధ్య గారి పద్యానికి వంక పెట్టను. కానీ ఒక మాట అడగకుండా ఉండలేను. విభక్తి పూర్తిగా పోతే దండం పెట్టేదెవరు, ఎవరికి? శంకరుల షట్పదీ స్తోత్రంలో 'సత్యపి భేదాపగమే నాథ తవాహం న మామకీనస్త్వం' అని ఉంది. భేదం పోయాక కూడా, నాథా, నేను నీవాణ్ణి, నువ్వు నావాడివి కాదు. అల సముద్రానిది, సముద్రం అలది కాదు. అద్వైతం చెప్పిన నోటితోనే ఈ మాట వచ్చింది. భేదం పోయింది కానీ 'తవ' పోలేదు. 'తవ' అంటే 'నీ యొక్క', వ్యాకరణంలో షష్ఠీ విభక్తి! అందుకని నా పూరణ:

నేను నాచేత నాకని నిక్కు మాని
నీదు వాఁడను నే నన్న నెమ్మితోడ
షష్ఠి యొక్కటి మిగిలినఁ జాలు నిఁక వి-
భక్తి లేనట్టి వాఁడెపో ముక్తుఁడగును

సాయంసంధ్య:
నా 'వి' అప్పు తీసుకుని వడ్డీతో సహా తిరిగిచ్చారు గంటం గారూ. చదివి నవ్వొచ్చింది, తర్వాత చాలాసేపు మాట రాలేదు.

కొత్తకలం:
'ష'కి 'జా' యతి చెల్లుతుందా అండీ?

నిర్వాహకుడు:
చెల్లుతుంది. చ, ఛ, జ, ఝలకు శ, ష, సలతో మైత్రి ఉంది, ఇక్కడ అచ్చులూ కలిశాయి. అయితే గంటం గారూ, వ్యాకరణంతో ఆడారు కాబట్టి వ్యాకరణంతోనే పట్టుకుంటాను. చిన్నప్పుడు వల్లించింది గుర్తు చేసుకోండి: కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్. తెలుగులో 'నాకు' షష్ఠే! మొదటి పాదంలో షష్ఠిని మానేసి మూడో పాదంలో అదే మిగిలిందంటే ఎలా?

పాతగంటం:
దొరికిపోయాను. సంస్కృతంలో ఆలోచించి తెలుగులో రాస్తే ఇంతే. చతుర్థి కావాలంటే 'నాకయి' అనాలి. మొదటి రెండు పాదాలు ఇలా మారుస్తున్నాను.

నేను నాకయి నాచేతనే యనుటలు
మాని నీవాఁడ నే నన్న మనసుతోడ

నిర్వాహకుడు:
ఇప్పుడు పట్టుకోవడానికి సందు లేదు. 'నెమ్మి' పోయినందుకు మాత్రం బాధగా ఉంది, ప్రేమ అనే అర్థంలో ఈ రోజుల్లో ఎవరూ వాడని మంచి మాట. రెండో చోట 'మమత' వేయకుండా 'మనసు' వేయడం మెచ్చుకోవాలి. మమత అంటే 'నాది' అనుకోవడమే, వేస్తే పద్యం తనను తానే కొట్టేసుకునేది.

సాయంసంధ్య:
ఒక్క ముక్క. మొదటి పాదంలో 'నేను' మానేస్తానన్నవాడు రెండో పాదంలో మళ్ళీ 'నే నన్న' అన్నాడు. ప్రథమా విభక్తి ఇంకా బతికే ఉంది.

పాతగంటం:
'తవాహం'లో 'అహం' కూడా ప్రథమేనండీ. దాన్ని తీయడం నా చేత కాలేదు.

నిర్వాహకుడు:
ఆ 'నే'ని అలాగే ఉండనిద్దాం. వచ్చే వారానికి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను. ఈసారి ఎవరి నోటా పెట్టి తప్పించుకోకూడదు, చినుకు గారూ వింటున్నారా?

ద్వైత మున్నఁ గాని దైవ మేది