మెల్లగా పరుగెడుతున్నా వాచీ 176 చూపిస్తోంది, నమ్మాలా?

ప్రశ్న, ఉప్పల్ నుంచి

అందరికీ నమస్కారం. నా వయసు 42, బడిలో లెక్కలు చెబుతాను. ఏడాదిగా పొద్దున్నే పరుగెడుతున్నాను. వచ్చే ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ (సగం దూరం పరుగు) పూర్తి చేయాలని కోరిక. మూడు వారాల కింద గుండె వేగం కూడా చూపించే జీపీఎస్ వాచీ కొన్నాను. అప్పటి నుంచి దిగులు ఎక్కువైంది.

మొదటిది. బయల్దేరిన అయిదు నిమిషాల్లోనే గుండె వేగం 174, 176 అని వస్తుంది. అప్పటికి పక్కనున్న స్నేహితురాలితో కబుర్లు చెబుతూ పరుగెడుతుంటాను, ఆయాసం ఉండదు. ఇరవై నిమిషాలయ్యాక ఉన్నట్టుండి 140కి దిగుతుంది. నిన్న సిగ్నల్ దగ్గర ఆగితే రెప్పపాటులో 175 నుంచి 138కి పడిపోయింది. ఇంట్లో వాళ్లు చూసి కంగారు పడుతున్నారు.

రెండోది. జోన్ 2లో, అంటే తేలిక పరుగుకు తగిన గుండె వేగంలో, ఉండాలంటే 125 దాటకూడదని వాచీ చెబుతోంది. అంటే నేను నడవాల్సిందే.

మూడోది. ఉప్పల్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక వరకు, మళ్లీ వెనక్కి, మెట్రో లైను కింద ఇద్దరం పక్కపక్కనే పరుగెత్తాం. తన వాచీలో 10 కిలోమీటర్లు, నా దాంట్లో 10.31. ఎవరిది సరైనది?

జవాబు, సికింద్రాబాద్ నుంచి

టీచర్ గారూ, ముందు ఒక్క మాట. పరుగులో ఛాతీలో నొప్పి గానీ బిగుతు గానీ, కళ్లు తిరగడం గానీ, గుండె లయ తప్పినట్టు అనిపించడం గానీ ఉంటే ఈ చర్చంతా పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నలభై దాటాక పెద్ద దూరాలకు సిద్ధమయ్యేవాళ్లు ఒకసారి చూపించుకోవడం ఎలాగూ మంచిదే. అవేవీ లేకపోతే, మీరు రాసినదాన్ని బట్టి ఇది వాచీ లెక్క తప్పడమే అని నా గట్టి నమ్మకం.

ఆధారం మీరే ఇచ్చారు, సిగ్నల్ దగ్గర. ఆగగానే గుండె నెమ్మదిస్తుంది, నిజమే. కానీ రెప్పపాటులో 37 తగ్గదు. అంత ఠక్కున ఆగినవి మీ అడుగులు.

వాచీ వెనక పచ్చ లైట్లు వెలుగుతుంటాయి చూడండి. పచ్చ కాంతిని రక్తం బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోకి రక్తం కాస్త ఎక్కువ వస్తుంది, వాచీకి తిరిగొచ్చే కాంతి ఆ మేరకు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్నే వాచీ లెక్కపెడుతుంది. అది వదులుగా ఉంటే అడుగు పడ్డప్పుడల్లా చర్మం మీద ఊగుతుంది, అప్పుడూ కాంతి మారుతుంది. చాలామంది పరుగులో నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తారు. వాచీకి రెండు లయలు ఒకేసారి అందుతాయి, ఏది బలంగా ఉంటే దాన్నే గుండె అనుకుంటుంది. కేడెన్స్ అంటే నిమిషానికి పడే అడుగులు, అందుకే దీన్ని రన్నర్లు కేడెన్స్ లాక్ అంటారు. చలి పొద్దుల్లో చేతులకు రక్తం తక్కువగా ఆడుతుంది కాబట్టి మొదటి పావుగంటలో ఈ బెడద మరీ ఎక్కువ. ఒళ్లు వేడెక్కాక మీకు 140కి దిగుతున్నది అందుకే.

యాప్‌లో నిన్నటి పరుగు తెరిచి గుండె వేగం గీత మీద కేడెన్స్ గీత పెట్టి చూడండి. మొదటి ఇరవై నిమిషాలు రెండూ అతుక్కుని నడుస్తుంటే అనుమానం తీరినట్టే. రేపు ఇంకో పని చేయండి. 176 చూపిస్తున్నప్పుడు ఆగి, దవడ కింద మెడకు ఒక పక్కన రెండు వేళ్లు మెల్లగా ఆనించి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆగాక పల్స్ త్వరగా దిగిపోతుంది, అందుకే నిమిషమంతా లెక్కపెట్టకండి.

వాచీని మణికట్టు ఎముక మీద కాకుండా, దాని నుంచి మోచేయి వైపు రెండు వేళ్ల దూరం జరిపి, కదలకుండా బిగించండి. విప్పాక చర్మం మీద పట్టీ అచ్చు కాసేపు కనపడాలి, వేళ్లు మాత్రం తిమ్మిరెక్కకూడదు. పరుగు అయ్యాక ఒక రంధ్రం వదులు చేసుకోండి.

జవాబు, వరంగల్ నుంచి

అక్కా, వాచీ పెట్టుకునే చేతికి గాజులున్నాయా? నాకూ అచ్చం ఇట్లనే అయ్యింది. గాజులు కిందికి జారి వాచీ అంచును కొడుతుంటే పచ్చ లైటు పక్క నుంచి బయటికి కనబడేది. చీకట్ల పరుగెత్తుతుంటే గానీ నేను గమనించలేదు. లైటు బయటికి కనబడిందంటే వాచీకి చర్మానికి నడుమ సందు ఉన్నట్టు. ఆ చేతి గాజులు తీసి రెండో చేతికి వేసుకున్న, సగం బాధ పోయింది. పచ్చబొట్టు ఉన్న చోట గూడ సరిగ్గ చదవదు, అది ఉంటే చెయ్యి మార్చుకోండి.

ఉప్పల్ నుంచి

రెండు చేతులకీ మట్టిగాజులున్నాయి! ఇది నా ఊహకే అందలేదు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఎప్పుడూ లేవు. అయినా ఈ శనివారం ఈసీజీ తీయించుకుంటాను, ఇంట్లో వాళ్ల మనసు కుదుటపడుతుంది. ఈ పొద్దున వాచీ 172 అన్నప్పుడు ఆగి లెక్కపెట్టాను. 15 సెకన్లలో 34. అంటే 136.

జవాబు, విశాఖపట్నం నుంచి

జోన్ల సంగతి నేను చెబుతానండి. మీ వాచీ పెట్టెలోంచి తీసినప్పుడు దానికి తెలిసిందల్లా మీ వయసు. 220లోంచి 42 తీసేసి 178 మీ గరిష్ఠం అనుకుంది, అందులో 70 శాతం 125 అని గీత గీసింది. ఆ సూత్రం ఎంతోమందికి కలిపి వేసిన సగటు. ఒకే వయసు వాళ్లలో అసలు గరిష్ఠం దానికి 10, 12 అటూ ఇటూ ఉండటం మామూలే, ఇంకా దూరంగా ఉండేవాళ్లూ ఉన్నారు. 2001లో ఇంకో సూత్రం వచ్చింది, వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేయడం. నలభై ఏళ్లకు రెండూ 180 అనే చెబుతాయి. అరవై ఏళ్లకు పాతది 160, కొత్తది 166. ఏదైనా సగటే, మీ గుండెను చూసి రాసింది కాదు.

అందుకే సెట్టింగ్స్‌లో జోన్లను హార్ట్ రేట్ రిజర్వ్ పద్ధతికి మార్చండి. గరిష్ఠంలోంచి విశ్రాంతి వేగం తీసేసి, మిగిలినదాంట్లో శాతం కట్టి, మళ్లీ విశ్రాంతి వేగం కలపడం. విశ్రాంతి వేగం అంటే తెల్లారి మెలకువ రాగానే, మంచం దిగకముందు ఉండేది. గరిష్ఠం మాత్రం మణికట్టు లెక్కతో తీసుకోకండి. కేడెన్స్ లాక్‌లో వచ్చిన దొంగ అంకెను చాలా వాచీలు వాటంతటవే కొత్త గరిష్ఠంగా రాసేసుకుంటాయి, ఆ ఆటోమేటిక్ ఆప్షన్ ఆపేయండి. ఈసీజీ చూపించుకుని, డాక్టర్ సరేనన్నాక, ఎవరి దగ్గరైనా చెస్ట్ స్ట్రాప్ (గుండె వేగం చూడటానికి ఛాతీకి కట్టుకునే పట్టీ) అడిగి తీసుకుని ఎత్తు రోడ్డు మీద నాలుగైదు సార్లు గట్టిగా ఎక్కండి. చివరిసారి కనిపించిన పెద్ద అంకె మీకు పనికొస్తుంది.

ఇంకొకటి. మా ఆర్కే బీచ్‌లో మే నెల ఉక్కలో గంట పరుగెడితే, పేస్ (పరుగు వేగం) అదే ఉన్నా నా గుండె వేగం మొదటికీ చివరికీ 15 దాకా తేడా వస్తుంది. వేడికి ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటకు ఒంట్లో నీరు తగ్గుతుంది, అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. ఇది వాచీ తప్పు కాదు, మీ బలం తగ్గడమూ కాదు. మార్చి దాటాక మీకూ కనిపిస్తుంది, పేస్ తగ్గించుకుని జోన్‌నే పట్టుకోండి.

జవాబు, గుంటూరు నుంచి

అమ్మా, నాకు 61. బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వేసుకుంటాను. వాచీ లెక్క ప్రకారం నా గరిష్ఠం 159, కానీ ఎంత ఎగశ్వాస వచ్చినా నాకు 128 దాటదు. ఆ మాత్ర గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఆర్నెల్ల పాటు ఈ సంగతి తెలియక, ఇంకా జోన్ 3 రాలేదు కదా అని రొప్పుతూ పరుగెత్తాను. డాక్టర్ గారికి చెబితే మందలించి, జోన్లు కట్టిపెట్టి మాట పరీక్ష చూసుకోమన్నారు. పక్కవాడితో రెండు మూడు వాక్యాలు తెరిపి లేకుండా చెప్పగలిగితే తేలిక పరుగు, మాటకోసారి ఆగి గాలి పీల్చుకోవాల్సి వస్తే కాదు. ఇలాంటి మాత్రలు వాడేవాళ్లు ఇక్కడ ఇంకెవరైనా ఉంటే ఆ సూత్రాలతో మాత్రం పరుగెత్తకండి, వాచీ కోసం మాత్రలు సొంతంగా ఆపడం అసలే వద్దు.

జవాబు, సూళ్ళూరుపేట నుంచి

దూరం సంగతి. జీపీఎస్ శాటిలైట్లు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, అక్కడి నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. మీ నెత్తి మీద మెట్రో కాంక్రీటు, పక్కన స్తంభాలు, భవనాలు. సిగ్నల్ నేరుగా రాకుండా గోడకు తగిలి వస్తే ఆ అదనపు దూరాన్ని కూడా వాచీ నిజమనుకుంటుంది. మ్యాపులో మీ దారి రోడ్డు దాటి షాపుల్లోంచి వంకరటింకరగా పోతోందేమో చూడండి, ఆ వంకరలే మీ 0.31. మీ స్నేహితురాలిది 10 అని తేలినంత మాత్రాన అదీ సరైనదని కాదు.

మెట్రో నీడ తప్పదంటే వాచీలో డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఉందేమో చూడండి. మామూలు వాచీ ఎల్1 అనే ఫ్రీక్వెన్సీలో వచ్చే సిగ్నల్ ఒక్కదాన్నే వింటుంది. ఎల్5 అనే రెండో ఫ్రీక్వెన్సీ కూడా వింటే, గోడకు తగిలి వచ్చినదేదో నేరుగా వచ్చినదేదో బాగా విడదీయగలదు. బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోతుంది. రికార్డింగ్ ప్రతి సెకనుకూ పెట్టండి. బయల్దేరే ముందు బయటికొచ్చి ఆకాశం కనిపించే చోట నిలబడి, సిగ్నల్ దొరికాక ఇంకో నిమిషం ఆగి స్టార్ట్ నొక్కండి. రాత్రే ఫోన్‌తో సింక్ చేస్తే శాటిలైట్లు ఎక్కడుంటాయో వాచీకి ముందే తెలుస్తుంది, పొద్దున నిరీక్షణ తగ్గుతుంది.

మా పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచి 2023 మే 29న ఎన్‌వీఎస్-01 అనే శాటిలైట్ పైకి వెళ్లింది. నావిక్ (జీపీఎస్ లాంటి మన దేశపు వ్యవస్థ) శాటిలైట్లలో ఎల్1 సిగ్నల్ కూడా పంపేది అదే మొదటిది. అంతకుముందువి ఎల్5, ఎస్ బ్యాండ్లలోనే పంపేవి, అందువల్ల చిన్న పరికరాల్లో వాడకం తక్కువగా ఉండేది. మీ సెట్టింగ్స్‌లో శాటిలైట్ల జాబితాలో నావిక్ కనిపిస్తే ఆన్ చేసి చూడండి. మా ఇంటి మేడ మీద నుంచి లాంచ్ చూసినవాణ్ణి, ఆ పేరు వాచీలో కనిపిస్తే నాకు చాలా సంతోషం.

జవాబు, సికింద్రాబాద్ నుంచి

దీనికి రేసు రోజు సంగతి కలపాలి. హాఫ్ అంటే 21.0975 కిలోమీటర్లు. ప్రమాణం ప్రకారం రేసు దారిని, మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, పరుగెత్తగలిగిన అతి దగ్గర దారిలో, మీటరు బిగించిన సైకిల్‌తో కొలుస్తారు. పొరపాటున తక్కువ కాకూడదని కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. జనంలో మనం ఆ దగ్గర దారిలో పోలేం, మలుపులు వెడల్పుగా తిరుగుతాం. అందుకే వాచీలో 21.3, 21.4 రావడం సహజం. మీకు 2 గంటల 20 నిమిషాలు కావాలనుకోండి. కొలిచిన దూరానికి కిలోమీటరుకు 6:38 చాలు. వాచీలో 21.35 అయ్యేట్టుంటే వాచీ చూపించే పేస్ 6:33 ఉండాలి. ఆ అయిదు సెకన్లు తెలియకనే నా మొదటి హాఫ్‌లో వాచీని నమ్మి లక్ష్యం తప్పాను, ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. ఆటో ల్యాప్ (వాచీ తన లెక్కతోనే కిలోమీటర్లు గుర్తుపెట్టుకోవడం) ఆపి, కిలోమీటరు బోర్డు దాటినప్పుడల్లా ల్యాప్ బటన్ మీరే నొక్కండి.

ఉప్పల్ నుంచి, పద్దెనిమిది రోజుల తర్వాత

అందరికీ మనసారా ధన్యవాదాలు. ఈసీజీ, బీపీ మామూలుగానే ఉన్నాయి, పరుగెత్తమన్నారు డాక్టర్ గారు. గాజులు ఆ చేతికి తీసేశాను, వాచీ పైకి జరిపాను. అయిదు పరుగుల్లో ఒక్కసారి మాత్రమే మొదటి నాలుగు నిమిషాలు 170 చూపించింది, అదీ బాగా చలిగా ఉన్న రోజు. పాత గ్రాఫులు తీసి చూస్తే గుండె గీత, కేడెన్స్ గీత నిజంగానే ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

బడిలో పీఈటీ సార్ చెస్ట్ స్ట్రాప్ ఇచ్చారు. ఉస్మానియా క్యాంపస్‌లో ఎత్తు రోడ్డు అయిదుసార్లు ఎక్కాను, చివర్లో 186. పొద్దున మంచం మీద వారం సగటు 62. రెండింటి తేడా 124. దానికి 60 శాతం కట్టి 62 కలిపితే 136, 70 శాతానికి 149. అంటే నా జోన్ 2 ఇదన్నమాట, 125 కాదు. ఒక్క అనుమానం: మాట పరీక్షలో 145 దాకా హాయిగా ఉంది, 149 దగ్గర వాక్యం తెగుతోంది. ఇంకొకటి, స్ట్రాప్ మొదటి అయిదు నిమిషాలు 200 పైన గెంతింది, తర్వాత సర్దుకుంది. అదీ పాడైందా?

జవాబు, విశాఖపట్నం నుంచి

లెక్కలో తప్పు లేదండి. రెండు పద్ధతుల్లోనూ జోన్ 2 అనే పేరే ఉంటుంది గానీ శ్రమ ఒకటి కాదు, రిజర్వ్ పద్ధతిలో కాస్త ఎక్కువ. మీ నోరు 145 అంటే 145 దగ్గరే గీత గీయండి. సెట్టింగ్స్‌లో ఆ అంకెను చేత్తో మార్చుకోవచ్చు.

జవాబు, చికాగో నుంచి

స్ట్రాప్ పాడవలేదు అక్కా. అది కాంతితో కాదు, గుండె నుంచి వచ్చే విద్యుత్ సంకేతంతో లెక్కపెడుతుంది, దానికి తడి కావాలి. చెమట పట్టేదాకా పొడిగా ఉండి అలా గెంతుతుంది. ఇక్కడ చలికాలంలో గాలి మరీ పొడి, సింథటిక్ చొక్కా రాపిడికి ఇంకా గెంతుతుంది. పెట్టుకునే ముందు లోపలి వైపున్న రెండు నల్లటి పట్టీలను కుళాయి కింద బాగా తడపండి. ఇంటికి రాగానే ముందున్న బిళ్లను ఊడదీయండి. తడి స్ట్రాప్‌కే వదిలేస్తే అది ఇంకా ఒంటి మీదే ఉన్నాననుకుని పనిచేస్తూ లోపలి సీఆర్2032 బ్యాటరీని తినేస్తుంది. పట్టీని మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేయండి. వాచీ వెనక భాగం కూడా అలాగే కడిగి, పూర్తిగా తుడిచాకే చార్జింగ్ పెట్టండి. ఉప్పు చెమట చార్జింగ్ పిన్నుల్ని పచ్చగా తుప్పు పట్టిస్తుంది, నా పాత వాచీ అలాగే పోయింది.