టర్బో ఎగ్జాస్ట్ స్టడ్ విరిగింది, లోపలి ముక్క తీసేదెలా?

అందరికీ నమస్తే, మాది అనంతపురం. డీజిల్ కారుకు డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టం) గాస్కెట్ మార్చడానికి నట్లు విప్పుతుంటే టర్బో వైపున్న ఎం8 స్టడ్ (తల లేని 8 మి.మీ. బోల్టు) ఒకటి పుటుక్కున విరిగింది. సరిగ్గా హౌసింగ్ అంచుకు సమానంగా! పట్టుకోవడానికి కొస కూడా లేదు, చుట్టూ ఎర్రటి తుప్పు. డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేసినా కదల్లేదు.

మెకానిక్ ఈజీ-అవుట్ (విరిగిన ముక్కకు రంధ్రం వేసి, అందులో దింపి వెనక్కి తిప్పి ముక్కను బయటికి తీసే పనిముట్టు) వేద్దామంటున్నాడు. నాకు అదే టెన్షన్. అది మరీ గట్టి స్టీలు కదా, లోపల విరిగిందంటే మామూలు డ్రిల్ బిట్ దాని మీద పనిచేయదు. ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, ఆ వేడికి వదులయ్యాక తిప్పితే మేలా? టర్బోను కారుకే ఉంచి, బ్యాటరీ టెర్మినల్ తీసేసి చేయొచ్చా, లేక పూర్తిగా విప్పాల్సిందేనా? చేసినవాళ్లు చెప్పండి. కడప, కర్నూలు వైపు ఈ పనిలో చేయి తిరిగిన లేత్ వాళ్లున్నా తీసుకెళ్తాను.