మాసాయి ఆడపిల్లలకు చిన్నవయసు గర్భాలు: మాత్రలు ఇస్తే ఆగుతాయా?

గోదారిగట్టు:
కెన్యాలో 2022 ఆరోగ్య సర్వే ప్రకారం 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 15 శాతం మంది ఒక్కసారైనా గర్భం దాల్చినవాళ్లే. పశువుల మందలు మేపుకునే మాసాయి తెగవాళ్లు ఎక్కువగా ఉండే నరోక్ కౌంటీలో (జిల్లా లాంటిది) 28 శాతం. 2014లో అక్కడ 40 ఉండేది, అంటే తగ్గింది. అడిగిన అమ్మాయికి దగ్గర్లోని ఆస్పత్రిలో గర్భనిరోధకాలు ఇచ్చేస్తే ఈ అనుకోని గర్భాల గొడవ సగం తీరుతుందని నా అభిప్రాయం.

వేపపుల్ల:
తీరదండీ. ఆ పిల్ల ఆస్పత్రి దాకా వెళ్లేలోపే కథ అయిపోతుంది. అక్కడ ఆడపిల్లకు సున్తీ (జననాంగాన్ని కోసే ఆచారం) చేశారంటే పెద్దదైపోయినట్టే లెక్క. తర్వాత బడి మానెయ్యడం, పెళ్లి. సున్తీ కాకుండా కడుపొస్తే ఇంటికి తలవంపులు. ఆ టెన్షన్‌తోనే తొందరపడి సున్తీ, పెళ్లి చేసేస్తారు. గర్భం వస్తుందన్న భయమే గర్భానికి దారి వేస్తోంది! ఇంతకీ ‘అనుకోని గర్భం’ అంటున్నారు, ఎవరు అనుకోనిది? పెళ్లయ్యాక మొగుడూ అత్తింటివాళ్లూ అనుకున్నదేగా. అనుకోనిది ఆ పిల్ల ఒక్కతే.

గోదారిగట్టు:
అది నిజమే. కానీ 2011 నుంచి సున్తీ మీద నిషేధం ఉంది, 2014 చట్టం పెళ్లికి 18 ఏళ్లు నిండాలంది. ఇంకేం కావాలి?

చింతచిగురు:
చట్టం వచ్చాక సున్తీ చాటుకు పోయింది. కొందరు సరిహద్దు దాటించి టాంజానియాలో చేయిస్తున్నారు. పైగా అక్కడ కట్నం కాదు, కన్యాశుల్కం, అదీ ఆవుల్లో. కరువుకి మంద చచ్చిపోయిన తండ్రికి చట్టం ఏం కనిపిస్తుంది?

వేపపుల్ల:
కకెన్యా న్తాయా అనే మాసాయి ఆవిడ సంగతి చూడండి. చదువు పూర్తిచెయ్యనిస్తేనే సున్తీకి ఒప్పుకుంటానని తండ్రితో బేరం పెట్టింది. అమెరికాలో చదువుకుని, 2009లో సొంతూరు ఎనూసాయెన్‌లో ఆడపిల్లల బడి తెరిచింది. సున్తీ చేయించం, పెళ్లి చెయ్యం అని తల్లిదండ్రులు మాట ఇవ్వాలి. నా ఓటు అలాంటి హాస్టల్ బడులకే.

చింతచిగురు:
మరి సెలవుల్లో? డిసెంబరు సెలవులే సున్తీల సీజన్. అయినా దాచిపెట్టాల్సింది అమ్మాయిల్నేనా? మొరాన్లని పిలిచే మాసాయి యువ యోధులతో, ఆ కుర్రాళ్లతో ఎవరూ మాట్లాడరా? సున్తీకి వ్యతిరేకంగా పనిచేసే మాసాయి ఆవిడ నైస్ లెంగెతే ముందు వాళ్లనే కూర్చోబెట్టి మాట్లాడింది. సున్తీ తీసేసి పాటలూ, పెద్దల దీవెనలూ ఉంచిన వేడుకలు అలాగే ఊళ్లలోకి వెళ్లాయి.

గోదారిగట్టు:
వేడుక మారితే సున్తీ ఆగుతుందేమో, గర్భం ఎలా ఆగుతుంది? హాస్టల్ మంచిదే, సీట్లు ఎన్ని? సీటు దొరకని పిల్లకి ఆస్పత్రే దిక్కు. నా మాట వెనక్కి తీసుకోను.